అమృత విలాస్‌లో మన గ్లాసేది?



టీవీలో హోటలంటే నవ్వు. ఊళ్లో హోటలంటే మనకు రచ్చ. ఈ రెంటి నడుమ ఉన్న సంగతి ఈసారి మాట్లాడుకుందాం.

'అమృతం' సీరియల్ ఎరగనోళ్లు తక్కువ. 2001 నవంబరులో జెమినీ టీవీలో మొదలై 2007 దాకా ఆదివారం ఆదివారం నడిచింది. గుణ్ణం గంగరాజు దాన్ని తయారు చేసినాడు. అమృతరావు, ఆంజనేయులు అని ఇద్దరు స్నేహితులు 'అమృత విలాస్' అనే హోటల్ పెడతారు. ఇంటి ఓనరు అప్పాజీ. ఇంట్లో పెండ్లాలు సంజు, శాంత. హోటల్లో పనికి సర్వం. 2020లో 'అమృతం ద్వితీయం' అని మళ్లీ తీసినారు. పాత భాగాలు ఇప్పటికీ ఫోన్లలో నడుస్తానే ఉన్నాయి. గుండు హనుమంతరావు మొహం చూస్తేనే నవ్వొస్తుంది. ఆ నటుల మీద మాకు కోపం లేదు. మా పేచీ నవ్వుతో కాదు. ఆ నవ్వులో మన పాలెంత అని అడుగుతున్నాం.

ఇట్లాంటి కథలన్నీ పొరపాటు మీద నడుస్తాయి. ఒకరి మాట ఇంకొకరు తప్పుగా వింటారు. మొగుడి మీద పెండ్లానికి అనుమానం పుడుతుంది. హోటలైనా, ఆఫీసైనా, ఆసుపత్రైనా, పనిచోట ప్రేమ అంటే టీవీ వాళ్లకు ఒకటే లెక్క. గందరగోళం పెట్టాలి, అరగంటలో సర్దేయాలి. పొరపాటు చేసినోడు తల గోక్కుంటాడు. అంతటితో సరి.

మరి మనోళ్ల పొరపాటుకు ఏం జరుగుతుంది? 1991లో చుండూరులో ఏమైంది? సినిమా హాల్లో దళిత పిల్లోడి కాలు ముందు సీటాయనకు తగిలింది. తగిలిందంతే. నెల తిరిగే సరికి, ఆగస్టు 6న, ఎనిమిది మంది దళితులను నరికి చంపినారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. వినోదం చూడ్డానికి పోయిన చోట ఒక కాలు తగిలినందుకు ఇంత జరిగిన దేశంలో, పొరపాటు అందరికీ ఒకే తీరు నవ్వు పుట్టిస్తుందంటే ఎట్ల నమ్మేది?

ప్రేమ సంగతి చూడండి. కులం దాటిన పెళ్లి చేసుకున్న దళిత యువకుణ్ణి 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ఆసుపత్రి బయట, గర్భిణి అయిన భార్య కండ్ల ముందే నరికినారు. అది తెలంగాణ అనుకుంటిరా? మన కర్నూలు జిల్లా ఆదోనిలోనే, 2020 డిసెంబరు 31న, కులాంతర పెళ్లి చేసుకున్న యువకుణ్ణి రోడ్డు మీద కొట్టి చంపినారు. ఈ ప్రేమల్లో అపార్థమేమీ లేదు. పిల్లకూ పిల్లోడికీ ఒకరి మనసు ఒకరికి బాగానే అర్థమైంది. అర్థం కానిది కులానికే.

ఇప్పుడు సర్వం దగ్గరికి రాండి. పేరు సర్వం, చేతిలో ఏముంది? ఓనర్లకు ఇండ్లున్నాయి, పెండ్లాలున్నారు, అలకలున్నాయి, కథలో పెద్ద పాలు వాళ్లదే. సర్వానికి ఉన్నది పని, తిట్లు. వాడు యా ఊరోడు, వాని అమ్మ యా గేరిలో ఉంది, సుగ్గికి గుంటూరు మిరపచేలకు పోయిందా? మేము చూసినంతలో ఆ హోటల్లో ఎవరూ అడగలేదు. బయట నిలబడి టీ తాగి, గ్లాసు తానే కడిగి చూరుకు చెక్కే గిరాకీ కూడా ఆ హోటల్‌కు రాలేదు.

ఆ సీరియల్ మొదలైన ఏడే, 2001లోనే, అంటరానితనం మీద విచారించిన జస్టిస్ పున్నయ్య కమిషన్ ప్రభుత్వానికి నివేదిక ఇచ్చింది. పల్లె హోటళ్లలో రెండు గ్లాసుల సంగతి రాష్ట్రమంతా ఎరిగిందే. ఇప్పుడు కొన్ని ఊళ్లలో గ్లాసు పోయి ప్లాస్టిక్ కప్పు వచ్చింది. మనకు కప్పు, వాళ్లకు స్టీలు గ్లాసు. గ్లాసు మారింది గానీ గీత చెరగలేదు.

"నవ్వుకునే దాంట్లో కులం ఎందుకప్పా తెస్తారు?" అని కొందరు అడుగుతారు. అయ్యా, మేము తేలేదు. హోటల్లోకి కులం ఎప్పుడో వచ్చి బెంచీ మీద కూచుంది. అది తెలుసు గనకే రాజ్యాంగం 15వ అధికరణంలో 'హోటళ్లు' అని పేరు పెట్టి మరీ రాసినారు. కులం పేరుతో ఎవరినీ లోపలికి రానీయకుండా ఆపరాదని. బాబాసాహెబ్ అధ్యక్షతన ఉన్న కమిటీ ముసాయిదా రాసిన పుస్తకంలో హోటల్‌కు చోటుంది. హోటల్ మీద తీసిన కథలో మనకు చోటు లేదు. దీన్ని మరపు అనాల్నా, తెలివి అనాల్నా?

నవ్వడం మనకు రాదని కాదు. బేతంచెర్ల నాపరాళ్ల కాడ, మిరపచేలల్లో, కూలీల ట్రాక్టర్లలో మనోళ్ల ఎకసెక్కాలు వింటే టీవీ రాసేటోళ్లు పెన్ను కింద పెట్టాల. మన పనిచోట్ల ప్రేమలున్నాయి, అలకలున్నాయి, తప్పు చేతికి పోయిన చీటీలున్నాయి. వాటిని చూసి చావు భయం లేకుండా నవ్వుకునే రోజు కావాల. మేము అడిగేది అదే.

దానికి ఉత్త మాటలు చాలవు. పని చెబుతున్నాం, వినండి.

నెలనెలా 30న ఊళ్లలో పౌరహక్కుల దినం జరపాలని మన రాష్ట్రంలో నియమం ఉంది. ఆ మీటింగు పంచాయతీ ఆఫీసులో కాదు, టీ హోటల్ ముందర పెట్టమని తహసిల్దారును అడగండి. వచ్చిన అధికారులతో పాటు అదే బెంచీ మీద కూచొని, అదే గ్లాసులో తాగండి. కాదంటే 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద ఫిర్యాదు రాయండి, రసీదు తీసుకోండి.

2018 మార్చి 27న శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కులం దాటి పెళ్లాడిన జంటలను కాపాడను జిల్లాల్లో ప్రత్యేక విభాగాలు పెట్టాలి, తలదాచుకునే ఇల్లు చూపించే ఆలోచన చేయాలి అని. ఆ మాట చెప్పిన ఆరు నెలల్లోనే మిర్యాలగూడ జరిగింది. కర్నూలులో ఆ ఇల్లు యాడుంది? కడపలో యాడుంది? ఫోన్ చేస్తే ఎత్తేదెవరు? కలెక్టరుకు, ఎస్పీకి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. జవాబు వస్తే ప్రతి గేరిలో గోడ మీద రాయండి. రాకపోతే, రాలేదని రాయండి.

ఆదివారం టీవీ ముందర కూచొని నవ్వండి, ఎవరొద్దన్నారు? సోమవారం పొద్దున ఊరి హోటల్‌కు పోయి, లోపలి బెంచీ మీద కూచొని టీ అడగండి. ఒక్కరే పోవద్దు, పదిమంది కలిసి పోండి.