మూడేళ్ళ జీతం, ఇరవయ్యేళ్ళ రెక్క

గాలిమరకు అమర్చే పొడవాటి భాగాన్ని ఇంగ్లీషువారు ‘బ్లేడు’ అన్నారు. అంటే కత్తి అలుగు. డెన్మార్క్ వారు దానినే ‘వింగె’ అంటారు. ఆ మాటకు అర్థం రెక్క. మన తెలుగు కూడా రెక్క అనే అంటుంది. ఈ రెండు భాషలదే సరైన చూపు. విమానాన్ని గాలిలో నిలిపే సూత్రమే గాలిమరను తిప్పుతుంది కనుక అది నిజంగా రెక్కే.

ఆ రెక్క పడే శ్రమ ఎంతటిదో ఒక చిన్న లెక్క చెబుతుంది. నిమిషానికి 10 చుట్లు తిరిగే రెక్క ఆగకుండా 20 ఏళ్ళు పనిచేస్తే 10 కోట్ల చుట్లకు పైగా తిరుగుతుంది. ప్రతి చుట్టులోనూ తన బరువే దానిని ఒకసారి ఇటు, ఒకసారి అటు వంచుతుంది. 2019లో ఫ్రాన్సులోని షెర్బూర్గ్‌లో తయారైన ఒక రెక్క పొడవు 107 మీటర్లు. ఇటువంటి పెద్ద మరలలో రెక్క కొస వేగం గంటకు 300 కిలోమీటర్లను మించుతుంది. ఆ వేగంలో వానచినుకులు సైతం రెక్క అంచును తొలిచివేస్తాయి.

గాజుపోగులు, తేలికైన బాల్సా చెక్క, వాటిని పట్టి ఉంచే జిగురు - రెక్కలో ప్రధానంగా ఉండేవి ఇవే. పగులు తరచు లోపలి జిగురు పొరలోనే పుడుతుంది. బయటి కంటికి కనపడదు. దాని జాడ తీయడానికి రెక్క మొదలును దిమ్మకు బిగించి నెలల తరబడి ఊపుతారు. అయితే ఊపేది యంత్రమే గాని, ఫలితాన్ని అర్థం చేసుకోవలసినది మనిషి. ఆ మనిషికి కొన్నేళ్ళ నిశ్చింత కావాలి. దానికి డబ్బెవరివ్వాలి?

ఈ ప్రశ్నకు డెన్మార్క్ చాలాకాలం క్రితమే జవాబు వెతకడం మొదలుపెట్టింది. 1891లో అస్కోవ్ అనే పల్లెలో పౌల్ లా కూర్ అనే ఉపాధ్యాయుడు ప్రభుత్వ ధనంతో ప్రయోగాత్మకమైన గాలిమరను నిలిపాడు. పల్లె యువకులకు విద్యుత్ పని నేర్పే తరగతులు కూడా నడిపాడు. 1904లో అక్కడ చదివిన యోహానెస్ యూల్, సుమారు డెబ్బై ఏళ్ళ వయస్సులో, 1957లో గెడ్సెర్ వద్ద 200 కిలోవాట్ల మూడు రెక్కల మరను నిర్మించాడు. పెద్ద మరమ్మతులు లేకుండా అది పదేళ్ళు పనిచేసింది. అస్కోవ్‌లో నాటిన విత్తనం గెడ్సెర్‌లో కాపుకు రావడానికి అర్ధ శతాబ్దం పట్టిందన్నమాట.

నేడు అక్కడ డాక్టరేట్ అభ్యర్థి ఉపకార వేతనం కోసం ఎదురుచూసే విద్యార్థి కాదు. సాధారణంగా జీతం తీసుకునే ఉద్యోగి. గడువు మూడేళ్ళు. ‘పారిశ్రామిక పి.హెచ్‌డి.’ అనే పద్ధతిలో అభ్యర్థి ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తూనే విశ్వవిద్యాలయంలో పరిశోధిస్తాడు. ఆ జీతంలో కొంత భాగాన్ని ప్రభుత్వ నిధి కంపెనీకి తిరిగి ఇస్తుంది.

ఏర్పాటు చక్కనిదే, కాని ఒక చిక్కు ఉంది. కంపెనీకి కావలసినది వచ్చే ఏడాది అమ్మబోయే రెక్క. రెక్క అడిగే ప్రశ్న ఇరవయ్యేళ్ళ తరువాతిది. 1991లో డెన్మార్క్‌లోని విండెబీ వద్ద ప్రపంచంలోనే మొదటిసారిగా సముద్రంలో గాలిమరల క్షేత్రం వెలసింది. అందులో 11 మరలు ఉండేవి. 2017లో వాటిని విప్పివేశారు. గాజుపోగులూ జిగురూ కలిసి గట్టిపడిన రెక్కను ఉక్కులా కరిగించి మళ్ళీ పోత పోయలేము. రెక్క బలానికి కారణమైన ఆ విడదీయరాని కలయికే దాని చివరి దశలో భారమవుతున్నది. అమ్మకానికి తొందరపడే చోట ఇటువంటి ప్రశ్నకు జీతమిచ్చేవారు అరుదు.

ప్రభుత్వం పంచుకునే భాగానికి అసలు విలువ ఇక్కడే ఉంది. అది కంపెనీకి చేసే సాయం మాత్రమే కాదు. లాభంతో సంబంధం లేని ప్రశ్న వేసే హక్కును ప్రజల తరఫున కొనడం. పరిశోధకుడు తన సిద్ధాంత గ్రంథాన్ని బహిరంగ సభలో సమర్థించుకోవాలన్న నియమం కూడా ఆ హక్కులో భాగమే. తెలుసుకున్నది ఒకే గోదాములో మూలపడకూడదు కదా!

గాజుపోగు ధర కొలతలకు అందుతుంది. ఒక యువకుడో యువతో మూడేళ్ళు ఒకే పగులును గమనిస్తూ కూర్చోవడానికయ్యే ఖర్చు రెక్క ధరలో విడిగా కనిపించదు. అది లేనినాడు మాత్రం రెక్కే ఆ లెక్క చెబుతుంది.