కనుమనాటి తీర్థము – గృహమునందలి తీర్థము

కోనసీమలో మొసలపల్లి సమీపమునగల జగ్గన్నతోటలో ఏటేట కనుమనాడు ప్రభల తీర్థము జరుగును. చుట్టుప్రక్కల 11 గ్రామముల శివస్వాములు ప్రభలపై వేంచేసి ఆ కొబ్బరితోటలో సమావేశమగుదురు. అచ్చట ఆలయము లేదు. ఏకాదశరుద్రులు సంవత్సరమునకొకమారు పరస్పరము కలిసికొనుటయే ఆ తీర్థమునకు పరమార్థము. పొలములగట్లపై, నీటిలోనుండి ప్రభలను భుజములపై మోసుకొనివచ్చు దృశ్యమును చూచుటకు దూరనగరములనుండియు, విదేశములనుండియు జనులు వత్తురు.

అట్లు వచ్చువారిలో అనేకుల తల్లిదండ్రులు ఆ సీమలోనే ఉన్నారు. వారి సెలవుల క్రమము ముందే నిర్ణయమైయుండును. ఒకనాడు అన్నవరము, మరునాడు ద్రాక్షారామము, కనుమనాడు ప్రభల తీర్థము, ముక్కనుమనాడు తిరుగుప్రయాణము. తెల్లవారకమునుపే వీధివైపు కుర్చీ వేసికొని కూర్చున్న తండ్రికి దక్కునది రెండుపూటల భోజనసమయము. అందును సగము చేతిలోని ఫోనుకే చెల్లును. వీధి చివరనున్న మేనత్తకు "ఈసారి వచ్చినప్పుడు తప్పక వత్తుము" అను మాట మాత్రము మిగులును. దేవతలు బంధువులవలె కలిసికొనుటను చూడవచ్చినవారు, తమ బంధువులను చూడకయే మరలిపోవుట ఎంతటి విపరీతము!

సెలవు స్వల్పము, దైవదర్శనము పుణ్యప్రదము కదా యని వారందురు. సెలవు స్వల్పమగుట సత్యమే. దేశకాలములను శాస్త్రము ఉపేక్షింపదు. ఆ దూరవాసము తల్లిదండ్రుల పోషణకొఱకే అగుటయు కలదు. కాని ఉన్న స్వల్పకాలమున దేనికి ప్రాధాన్యమీయవలెనను ప్రశ్నకు మహాభారతము అరణ్యపర్వమందలి ధర్మవ్యాధోపాఖ్యానము సమాధానమిచ్చుచున్నది.

కౌశికుడు వేదాధ్యయనపరుడు, తపస్వి. ధర్మరహస్యము నెరుగుటకై మిథిలానగరములోని వ్యాధుని ఆశ్రయించెను. వ్యాధుడు వృద్ధులగు తన తల్లిదండ్రులను చూపి, వారే తనకు పరమదైవములని తెలిపెను. అంతటితో విడువలేదు. కౌశికుడు అనుమతి పొందక వేదాధ్యయనమునకై ఇల్లు విడిచినందున, అతని వృద్ధజననీజనకులు శోకముచే అంధులైరని, తక్షణమే పోయి వారిని ప్రసన్నులను చేసికొనుమని బోధించెను. ఇల్లు విడుచుటకు వేదాధ్యయనముకంటె పవిత్రమైన కారణ మేముండును? అదియు ఆ వృద్ధుల కన్నీటిని తుడువజాలలేదు.

మకరసంక్రమణము పితృతర్పణమునకు పుణ్యకాలము. తండ్రి జీవించియున్నవానికి సామాన్యముగా పితృతర్పణాధికారము లేదు. అది వెలితి కాదు, మహాభాగ్యము. నువ్వులనీరు విడువవలసిన దినము వానికి ఇంకను రాలేదు; చేతికి మంచినీరు అందింపగల దినము ఇంకను ఉన్నది. ఆ నీరు పుచ్చుకొనువారు "ప్రయాణము సుఖముగా సాగినదా నాయనా?" అని అడుగగల స్థితిలో ఉన్నారు.

జ్ఞాతుల విషయమును ఇట్టిదే. సపిండులకు దశరాత్రాశౌచము విధింపబడినది. పినతండ్రి గతించినపుడు పది దినములు మైల పట్టువానికి, ఆయన జీవించియుండగా ఒక గడియ ఆయన అరుగుపై కూర్చుండుట భారము కారాదు.

ఇందువలన క్షేత్రదర్శనము మానవలెనని అర్థము కాదు. క్రమము మార్చుకొనిన చాలును. ఊరు చేరిన పిమ్మట స్నానము చేసి, పిల్లలచేత తాతగారికి ప్రవర చెప్పించి నమస్కరింపజేయవలెను. వారు మరచినచోట తాతగారే అందించును. గోత్రఋషుల నామములు మరియొక తరమునకు చేరును. మొదటి సాయంకాలము ఎచ్చటికిని బయలుదేరరాదు. ఆరోగ్యమెట్లున్నదని అడిగినచో "మాకేమి, బాగుగనే ఉన్నాము" అని పెద్దలందురు. తల్లి మందులు వేళకు వేసికొనుచున్నదో లేదో, తండ్రి రాత్రివేళ గోడ పట్టుకొని నడచుచున్నాడో లేదో, ప్రక్కన ఒక దినమున్నవానికే తెలియును. వారు ప్రయాణింపగలిగినచో అన్నవరమునకు వెంటగొనిపోవలెను. లేనిచో సత్యదేవుని ప్రసాదమును తెచ్చి వారి చేతిలో ఉంచవలెను.

కనుమనాటి సాయంకాలమునకు ప్రభలు ఏ గ్రామమునకవి మరలును. మరుసటి కనుమకు ఆ రుద్రులు మరల వేంచేయుదురు; వారికి జరామరణములు లేవు. వీధివైపు కుర్చీలో కూర్చున్నవారికి అవి కలవు.