ఫియట్‌కు అంబాసిడర్‌ ఊపిరి

నంద్యాలలో ఒక ఇంట్లో పాత ఫియట్‌ ఉందనుకుందాం. కాగితాల మీద పేరు ప్రీమియర్‌ పద్మిని. తాతగారి నాటి నుంచీ ఇంటిల్లిపాదీ దాన్ని ‘ఫియట్టు’ అనే పిలుస్తారు. మహానందికీ, అహోబిలానికీ, మేనత్తల ఇళ్లకూ ఎన్నిసార్లు వెళ్లొచ్చిందో లెక్కలేదు. ఇప్పుడు షెడ్డులో మూలకు చేరింది. ఇంజను బాగానే ఉంది. పోయిందల్లా కార్బురేటరు. ఇరుసు అరిగిపోయి పక్కల నుంచి గాలి పీల్చేస్తోంది. పద్మిని తయారీ ఆగిపోయి రెండు దశాబ్దాలు దాటింది కదా, కొత్తది దొరకడం కష్టం.

పాత సామాన్ల కొట్లో మాత్రం ఇంకొకటి కనిపించింది. ఏదో అంబాసిడర్‌ నుంచి ఊడదీసిన ఎస్‌యూ కార్బురేటరు.

‘ఇది మన బండికి బిగియ్యొచ్చు గదా మామా?’ అంటాడు ఇంట్లో పిల్లోడు.

‘బిగియ్యొచ్చులేప్పా... నడవాల గదా!’ అంటాడు మెకానిక్కు.

ఆ రెండు మాటల మధ్య ఉన్నది చాలా పని.

కార్బురేటరంటే ఇంజనుకు ముక్కు. గాలినీ పెట్రోలునూ పాళ్లు చూసి కలిపి లోపలికి పంపేది అదే. (దాన్ని ‘కార్పొరేటరు’ అనేవాళ్లూ ఉన్నారు. మునిసిపల్‌ ఎన్నికలతో దానికి సంబంధం లేదు!) ఫియట్‌కు వచ్చిన సోలెక్స్‌లో గొంతు వెడల్పు మారదు. పెట్రోలుకు వేర్వేరు జెట్లు, అంటే కొలిచి వేసిన చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. ఎస్‌యూ దారి వేరు. దాన్లో పెట్రోలు వచ్చేది ఒక్క జెట్టు నుంచే. పైన గంట ఆకారంలో ఒక డబ్బా, అందులో పైకీ కిందికీ ఆడే పిస్టను, దాని అడుగున మొన తేలిన ఇత్తడి సూది. ఇంజను ఎక్కువ గాలి అడిగిన కొద్దీ పిస్టను పైకి లేస్తుంది. దాంతోపాటు సూదీ లేస్తుంది. సూది సన్నబడిన చోటు జెట్టులోకి వచ్చేసరికి సందు పెరిగి పెట్రోలూ ఎక్కువ వస్తుంది. ఎంత గాలికి అంత పెట్రోలు!

దీన్ని కనిపెట్టింది ఇంగ్లండులో చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం. జార్జ్‌ హెర్బర్ట్‌ స్కిన్నర్‌ 1904 ప్రాంతంలో తయారుచేసిన తొలి నమూనాలో పిస్టను లేదు, ఆ పని చేసింది తోలు తిత్తి. ఇంట్లో తోలుకు కొదవ లేదు మరి. ‘స్కిన్నర్స్‌ యూనియన్‌’ అన్న మాటల పొడి అక్షరాలే ఎస్‌యూ. 1926లో ఈ కంపెనీని మోరిస్‌ కొనేశాడు. ఆ మోరిస్‌ వారి ఆక్స్‌ఫర్డ్‌ సిరీస్‌-3 కారే మన దేశంలో అంబాసిడర్‌ అయింది. 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీ ఆగిపోయేదాకా వస్తూనే ఉంది. పదవిలో ఉన్న ప్రధాని పి.వి.నరసింహారావును 1991 ఉప ఎన్నికలో లోక్‌సభకు పంపిన నంద్యాలకు ఆ కారును కొత్తగా పరిచయం చేయాలా!

సరే, మన ఫియట్‌ సంగతి. దాని ఇంజను 1089 సీసీ. అంబాసిడర్‌ది 1489. ఇంత తేడా ఉంటే కుదురుతుందా అంటే, కుదురుతుంది. ఇంగ్లండులో 1098 సీసీ మోరిస్‌ మైనర్‌కు ఒకటింబావు అంగుళం ఎస్‌యూ ఒక్కటే పెట్టి నడిపారు. సైజు తగినదైతే చాలు. తంటా అంతా బిగింపులోనే. సోలెక్స్‌ పైనుంచి కిందికి పీలుస్తుంది, ఎస్‌యూ పక్క నుంచి. కాబట్టి మధ్యలో మోచేయి వంపులాంటి ముక్కను లేతు మీద చేయించాలి. దాని అంచు వెంట్రుకవాసి వంకరున్నా ప్యాకింగు దగ్గర దొంగగాలి దూరుతుంది. అరిగిన కార్బురేటరు తీసేసింది అందుకే కదా! పిస్టను డబ్బా నిటారుగా నిలవాలి, పైన బానెట్‌ మూతపడాలి. చోక్‌ తీగ ఇక్కడ రేకును మూయదు, జెట్టునే కిందికి లాగుతుంది. ఎక్సలేటరు తీగ లాగే దిక్కు మారుతుంది. కాలు తీయగానే వెనక్కి లాగే స్ప్రింగు గట్టిగా లేకపోతే ప్రాణాల మీదికొస్తుంది. ఇక్కడ మాత్రం ‘ప్రస్తుతానికి చాల్లే’ అనకూడదు.

ఇంత చేసినా సగం పనే అయినట్టు. అసలు సంగతి సూదిలో ఉంది. పెద్ద ఇంజనుకని ఎంచిన సూది చిన్న ఇంజనుకు అచ్చంగా సరిపోదు. చిన్న ఇంజను అంత గాలి పీల్చదు, పిస్టను అంత ఎత్తుకు లేవదు. ఎస్‌యూ సూదులకు అక్షరాల గుర్తులుంటాయి. ఒకదానికీ ఇంకొకదానికీ తేడా అంగుళంలో వెయ్యో వంతుల్లో. తగిన సూది దొరక్క సన్నని ఎమ్రీ కాగితంతో ఉన్నదాన్నే రుద్దేవారున్నారు. ఆళ్లగడ్డ శిల్పులకు చెప్పనక్కర్లేని విషయం ఒకటుంది: చెక్కేసిన ముక్క మళ్లీ అతకదు. సూదీ అంతే. ఎక్కువ రుద్దితే పెట్రోలు పొంగుతుంది, సూది చెత్తబుట్టకే.

దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో పోసేది పాత పెట్రోలు కాదు. 20 శాతం ఇథనాల్‌ కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరిలో మొదలుపెట్టారు, 2025 నాటికి దేశమంతటా అదే మామూలైంది. కిలో పెట్రోలు కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. అంటే పాత లెక్కతో బిగించిన కార్బురేటరులో గాలి ఎక్కువై మిశ్రమం పలచబడుతుంది. ఇంజను వేడెక్కుతుంది, వాల్వులు కాలే ప్రమాదం. సోలెక్స్‌లో అయితే జెట్టు మార్చాలి. ఎస్‌యూలో అడుగు నట్టును ఒకటి రెండు పలకలు తిప్పి జెట్టును కాస్త దించితే సరి. అయితే ఇంజను నిదానంగా ఆడేటప్పుడే దాని ప్రభావం ఎక్కువ. హైవే వేగంలో మళ్లీ సూది దగ్గరికే రావాలి. ఇథనాల్‌ పాతకాలపు రబ్బరునూ బెండునూ తినేస్తుంది గనుక ఆ ముక్కలన్నీ కొత్తవి వేయాల్సిందే.

ఇక పరీక్ష. దీనికి కంప్యూటర్‌ అక్కర్లేదు. ఇంజను ఆడుతుండగా పిస్టనును మిల్లీమీటరుకు లోపే పైకెత్తి చూస్తారు. వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలెక్కువ. ఆగిపోబోతే తక్కువ. కాస్త పెరిగి సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. పైన గొట్టంలో నూనె పోయడం మరిచిపోతే ఎక్సలేటరు తొక్కగానే బండి దగ్గుతుంది.

తర్వాత రోడ్డు. నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ దాకా దాదాపు చదును దారి. వేగంలో సూది నడక తెలిసేది ఇక్కడే. నంద్యాల ఎండ సంగతి తెలిసిందేగా. పెట్రోలు పంపులోనే ఆవిరై బండి మొరాయిస్తే తడిగుడ్డ చుట్టడం పాత డ్రైవర్ల విద్య. ఆళ్లగడ్డ దాటి అహోబిలం వైపు తిరిగితే ఇంకో లెక్క. ఎగువ అహోబిలం ఘాట్‌లో ముక్కు పైకెత్తిన బండిలో పెట్రోలు మట్టం వాలుతుంది. ఫ్లోటు డబ్బా జెట్టుకు ముందువైపు పడితే పెట్రోలు పొంగుతుంది, వెనక పడితే కొరత. రెండో ప్రపంచ యుద్ధంలో ఎస్‌యూ కార్బురేటర్లున్న స్పిట్‌ఫైర్‌ విమానాలకూ ఇదే జబ్బు. ఉన్నట్టుండి ముక్కు కిందికి దించితే పెట్రోలు డబ్బా పైకప్పుకు ఎగిరి ఇంజను తడబడేది. 1941లో బియాట్రిస్‌ షిల్లింగ్‌ అనే ఇంజనీరు, రంధ్రం ఉన్న ఓ చిన్న బిళ్లతో దాన్ని చాలావరకు అదుపు చేసింది.

మన ఫియట్‌ విమానమేం కాదు. దిగువ అహోబిలంలో ఆపి ప్లగ్గు విప్పి చూస్తే చాలు. నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోలు దండగ. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే ఆ పూట ఘాట్‌ ఎక్కకుండా అక్కడి నుంచే నెమ్మదిగా వెనక్కి. లేత గోధుమ రంగులో కనిపిస్తే ప్లగ్గు బిగించి, పిల్లలను ఎక్కించుకుని, పైన స్వామి దర్శనానికి బయలుదేరడమే.