తిరుపతిలో మూడు ముళ్లు... మిస్సోరీలో తీర్పు!

మన సినిమాల్లో జడ్జిగారు సుత్తి కొట్టి "ఆర్డర్, ఆర్డర్" అంటారు, తీర్పు చెబుతారు, శుభం కార్డు పడుతుంది. అది ఏ కోర్టు, ఎవరి చట్టం అని ఏ డైరెక్టరూ బుర్ర బద్దలు కొట్టుకోడు. బయట సగం కథ అక్కడే ఉంది మరి!

మొన్న సికింద్రాబాద్‌లో మా పక్కింటి పిన్నిగారు ఓ కవరు పట్టుకొచ్చారు. అమెరికా కోర్టు కాగితం. అల్లుడు అక్కడ విడాకులకు వేశాడట.

"పత్రికల్లో రాస్తావు కదా బాబూ, అమ్మాయి వెళ్లకపోతే పెళ్లి పోయినట్టేనా?"

నేను వకీలుని కాను, వట్టి బి.ఏ.ని. అయినా ఒక కేసు గుర్తొచ్చింది.

1975లో తిరుపతిలో పెళ్లయిన ఓ జంట 1978లో విడిపోయింది. భర్త మిస్సోరీ రాష్ట్రంలో తొంభై రోజులుగా ఉంటున్నానని చెప్పి అక్కడి కోర్టుకెక్కాడు. భార్య ఇక్కణ్ణించే "మీకా అధికారం లేదు" అంటూ జవాబు పంపింది. 1980లో ఆమె లేకుండానే "ఈ కాపురం ఇక అతకదు" అని డిక్రీ ఇచ్చేశారు. 1981లో ఆయన యాదగిరిగుట్టలో రెండో పెళ్లి చేసుకున్నాడు. ఆమె ఊరుకుందా? రెండు పెళ్లిళ్ల కేసు పెట్టింది!

1991 జూలై 9న సుప్రీంకోర్టు ఆ డిక్రీ ఇక్కడ చెల్లదంది. తీర్పు రాసింది జస్టిస్ పి.బి. సావంత్. ఏ చట్టం కింద పెళ్లయిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టే, ఆ చట్టంలో ఉన్న కారణం మీదే విడాకులివ్వాలి. "అతకని కాపురం" అన్న కారణం హిందూ వివాహ చట్టంలో లేదు. అభ్యంతరం రాసి పంపినంత మాత్రాన ఆ కోర్టుకి లొంగినట్టూ కాదు. అయితే భార్య కూడా ఆ దేశంలోనే స్థిరపడినా, తనంతట తాను వెళ్లి వాదించినా, మన చట్టంలో ఉన్న కారణం మీద వచ్చిన తీర్పు చెల్లవచ్చు. విడాకులకు ఆమే ఒప్పుకుంటే ఇక పేచీయే లేదు.

గెలిచింది... కానీ, పాఠకులారా, రెండో పెళ్లి జరిగిన పదేళ్లకి! పైగా మన తీర్పు మిస్సోరీ డిక్రీని అక్కడ చెరిపెయ్యలేదు. ఆయన అక్కడ మాజీ భర్త, ఇక్కడ భర్త. ఇంత డబుల్ యాక్షన్ మన హీరోలెవరైనా చేశారా?

"పిన్నిగారూ, ఆ కవరు బీరువాలో దాచకండి. సొంతంగా జవాబూ రాయకండి. ఇవాళే వకీలు దగ్గరికెళ్లండి" అన్నాను.

ఆవిడ కవరు కొంగులో చుట్టుకుని, "నువ్వూ తోడు రా బాబూ" అన్నారు. వెళ్లాను.