ఓటమి అందరిది, ఉద్వాసన ఒక్కరికే

2024 అక్టోబరు 27, ఆదివారం. లండన్ నగరంలో వెస్ట్ హామ్, మాంచెస్టర్ యునైటెడ్ జట్ల మధ్య ఫుట్‌బాల్ పోటీ ముగింపు దశకు చేరింది. స్కోరు చెరొక గోల్‌తో సమానంగా ఉంది. ఆ సమయంలో వెస్ట్ హామ్ ఆటగాడొకరు గోల్ ముందు కింద పడ్డాడు. మైదానంలోని రిఫరీ పెనాల్టీ ఇవ్వలేదు. వీడియో తెర ముందు కూర్చున్న రిఫరీ ఆయనను పిలిచి ఆ దృశ్యాన్ని మరొకసారి చూడమన్నారు. నిర్ణయం తారుమారైంది. జారడ్ బోవెన్ పెనాల్టీని గోల్‌గా మలిచాడు. మాంచెస్టర్ యునైటెడ్ 1-2తో ఓడిపోయింది. మరునాడే ఆ జట్టు మేనేజర్ ఎరిక్ టెన్ హాగ్‌కు క్లబ్బు ఉద్వాసన పలికింది.

తరువాత ఇంగ్లండు రిఫరీల సంస్థ అధిపతి హోవర్డ్ వెబ్, ఆ విషయంలో వీడియో రిఫరీ జోక్యం పొరపాటేనని బహిరంగంగా అంగీకరించారు. అప్పటికే పదవి పోయింది. మరో విశేషం కూడా ఉంది. ఆ రోజు గెలిచిన వెస్ట్ హామ్ మేనేజర్ హులెన్ లోపెటెగి సైతం 2025 జనవరి 8న అదే గతి పట్టారు. ఆయన స్థానంలో వచ్చిన గ్రాహం పాటర్‌ను 2025 సెప్టెంబరులో తొలగించారు. గెలిచినవారికీ ఓడినవారికీ ఒకే ఫలితం దక్కుతున్నప్పుడు దోషం ఎక్కడున్నదో ఆలోచించక తప్పదు.

అధికారం తగ్గింది, బాధ్యత తగ్గలేదు

మన దేశంలో క్రికెట్ జట్టు మేనేజర్ అంటే ప్రయాణాలు, వసతి వంటి ఏర్పాట్లు చూసే వ్యక్తి. ఇంగ్లండు ఫుట్‌బాల్‌లో మాత్రం ఆ మాటకు అర్థం వేరు. మైదానంలోకి దిగే పదకొండు మందిని ఎంపిక చేసేది, శిక్షణ ఇచ్చేది, వ్యూహం రచించేది, ఓడినప్పుడు విలేకరుల ప్రశ్నలకు బదులు చెప్పేది మేనేజరే. ఒకప్పుడు ఏ ఆటగాడిని కొనాలో, ఎవరిని అమ్మాలో నిర్ణయించడంలోనూ ఆయన మాటే చెల్లేది.

ఇటీవలి దశాబ్దాలలో ఈ అధికారాలు చీలిపోయాయి. కొనుగోళ్లకు ఒక డైరెక్టర్, ఖర్చులకు మరొక అధికారి, ఆపైన యజమానులు వచ్చారు. అధికారం నలుగురి చేతుల్లోకి వెళ్లినా, జవాబుదారీతనం మాత్రం ఒక్కరి భుజాల మీదనే మిగిలింది. తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఫుట్‌బాల్‌లో పాపం తలా పిడికెడే అయినా ప్రాయశ్చిత్తం మాత్రం ఒక్కరిదే.

పొడిగింపు, ఆ వెనుకే తొలగింపు

టెన్ హాగ్ 2022లో హాలండ్‌లోని అజాక్స్ క్లబ్బు నుంచి మాంచెస్టర్‌కు వచ్చారు. తొలి ఏడాది జట్టు లీగులో మూడో స్థానం పొందింది. 2023 ఫిబ్రవరిలో లీగ్ కప్పు గెలిచింది. రెండో ఏడాది ఎనిమిదో స్థానానికి జారింది. 1992లో ప్రీమియర్ లీగ్ ఆరంభమయ్యాక ఆ క్లబ్బు అంత దిగువకు పోవడం అదే మొదటిసారి. అయినా 2024 మే 25న ఎఫ్.ఎ. కప్పు ఫైనల్లో బలమైన మాంచెస్టర్ సిటీని 2-1తో ఓడించడంతో ఆయన పదవి నిలిచింది.

అసలు తప్పటడుగు ఇక్కడే పడింది. క్లబ్బులో 27.7 శాతం వాటా కొని, 2024 ఫిబ్రవరిలో ఫుట్‌బాల్ వ్యవహారాలను చేతిలోకి తీసుకున్న జిమ్ రాట్‌క్లిఫ్ బృందం ఆ వేసవిలో టెన్ హాగ్ పనితీరును సమీక్షించింది. ఇతర మేనేజర్లతోనూ మంతనాలు సాగించింది. చివరకు ఆయననే కొనసాగిస్తూ జూలైలో ఒప్పందాన్ని 2026 వరకు పొడిగించింది. నాలుగు నెలలు తిరగకుండానే తొలగించింది. అప్పటికి లీగులో తొమ్మిది పోటీలు జరిగాయి. మూడు గెలుపులు, రెండు డ్రాలు, నాలుగు ఓటములు, కొట్టిన గోల్స్ ఎనిమిది, స్థానం పద్నాలుగు.

ఆయనకూ ఆయన సహాయకులకూ చెల్లించిన పరిహారం 1.04 కోట్ల పౌండ్లని క్లబ్బు లెక్కలే చెబుతున్నాయి. నాటి మారకం రేటులో అది 110 కోట్ల రూపాయలకు అటూ ఇటూ. కొత్త మేనేజర్ రూబెన్ అమోరిమ్‌ను పోర్చుగల్ క్లబ్బు నుంచి విడిపించుకొనడానికి మరో 1.1 కోట్ల యూరోలు వెచ్చించారు. కొనుగోళ్ల బాధ్యత కోసం ఏరికోరి తెచ్చుకొన్న డైరెక్టర్ డాన్ ఆష్‌వర్త్ సైతం జూలైలో చేరి డిసెంబరులో వెళ్లిపోయారు. టెన్ హాగ్‌ను కొనసాగించడం, ఆష్‌వర్త్‌ను నియమించడం రెండూ పొరపాట్లేనని 2025లో రాట్‌క్లిఫ్ ఒప్పుకొన్నారు. ఆ ఒప్పుకోలు వల్ల ఆయన స్థానానికి వచ్చిన ముప్పేమీ లేదు.

మేనేజర్ నిర్దోషి కాదు

ఇంత చెప్పినంత మాత్రాన టెన్ హాగ్ తప్పేమీ లేదనడం సరికాదు. ఆయన హయాంలో ఆటగాళ్లపై క్లబ్బు 60 కోట్ల పౌండ్లకు పైగా వెచ్చించిందని బ్రిటిష్ పత్రికలు లెక్కగట్టాయి. కొన్నవారిలో పలువురు ఆయన వద్ద అజాక్స్‌లో ఆడినవారే. వారిలో బ్రెజిల్‌కు చెందిన యాంటనీ కోసం 2022లో తొమ్మిదిన్నర కోట్ల యూరోల దాకా చెల్లించారు. 2025లో అదే ఆటగాడిని స్పెయిన్ క్లబ్బుకు అందులో మూడో వంతు కూడా రాని ధరకు వదులుకొన్నారు. శిష్యులపై గురువుకు నమ్మకం ఉండడం సహజమే. అయితే ఆ నమ్మకానికి అంత వెల కట్టడానికి అంగీకరించి సంతకం పెట్టినవారు యజమానులూ అధికారులూ అన్నది కూడా విస్మరించరాదు.

ఆటతీరులోనూ లోపాలున్నాయి. జట్టు ముందు వరుసకూ వెనుక వరుసకూ మధ్య ఖాళీ పెరిగి, ప్రత్యర్థులు అందులోంచి యథేచ్ఛగా చొరబడ్డారు. 2024 సెప్టెంబరు ఒక్క నెలలోనే సొంత మైదానం ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో లివర్‌పూల్, టోటెన్‌హామ్ జట్ల చేతిలో చెరొకసారి 0-3తో పరాజయం ఎదురైంది. అలాంటప్పుడు మేనేజర్‌ను ప్రశ్నించడం న్యాయమే. ఆయన ఒక్కరినే ప్రశ్నించడమే అన్యాయం.

తాయెత్తు మహిమ

మేనేజర్‌ను మారిస్తే జట్టు బాగుపడుతుందన్న విశ్వాసంలో నిజమెంత? డచ్ ఆర్థికవేత్త బాస్ టెర్ వేల్ 1986 నుంచి 2004 వరకు హాలండ్ అగ్రశ్రేణి లీగు ఫలితాలను పరిశీలించారు. మేనేజర్‌ను తొలగించిన తరువాత జట్ల ఫలితాలు మెరుగుపడిన మాట వాస్తవమే. అయితే అంతే దీనస్థితికి చేరి కూడా మేనేజర్‌ను మార్చని జట్లను పక్కన పెట్టి పోల్చి చూస్తే, అవి కూడా దాదాపు అదే విధంగా కోలుకొన్నాయి. అదృష్టం, గాయాలు, వరుసగా తగిలిన బలమైన ప్రత్యర్థులు ఇవన్నీ కలిసి జట్టును అట్టడుగుకు నెడతాయి. అవి సర్దుకోగానే జట్టు తన సహజ స్థాయికి చేరుకొంటుంది. జ్వరం తగ్గుముఖం పట్టే వేళ కట్టిన తాయెత్తుకు కీర్తి దక్కినట్లే, ఆ సమయంలో వచ్చిన కొత్త మేనేజర్‌కు పేరు వస్తుంది.

మాంచెస్టర్‌లో ఆ తాయెత్తు కూడా పనిచేయలేదు. అమోరిమ్ చేతికి వచ్చిన జట్టు 2024-25 లీగును 42 పాయింట్లతో, పదిహేనో స్థానంలో ముగించింది. 2025 మే 21న యూరోపా లీగ్ ఫైనల్లో టోటెన్‌హామ్ చేతిలో 0-1తో ఓడింది. 2026 జనవరిలో అమోరిమ్‌నూ సాగనంపారు. ఇక ఆ ఫైనల్ గెలిచిన టోటెన్‌హామ్ సంగతి మరీ విచిత్రం. 2008 తరువాత తొలిసారి ఆ క్లబ్బుకు ట్రోఫీ తెచ్చిపెట్టిన మేనేజర్ ఆంజ్ పోస్టెకోగ్లును, లీగులో పదిహేడో స్థానంలో నిలిచిన కారణంగా పదహారు రోజులకే తొలగించారు. టెన్ హాగ్‌కు 2025లో జర్మనీలోని లెవర్కూసెన్ క్లబ్బు అవకాశమిచ్చింది; లీగులో రెండే రెండు పోటీలు ఆడించి సెప్టెంబరు 1న ఇంటికి పంపింది.

నాడు ఓర్పు ఏం సాధించింది?

ఇదే మాంచెస్టర్ యునైటెడ్ చరిత్రలో భిన్నమైన అధ్యాయం ఉంది. 1986 నవంబరులో అలెక్స్ ఫెర్గూసన్ మేనేజర్‌గా వచ్చారు. మూడేళ్లు గడిచినా లీగు టైటిల్ జాడ లేదు. 1989 సెప్టెంబరులో మాంచెస్టర్ సిటీ చేతిలో 1-5తో ఘోర పరాభవం. మూడేళ్లుగా సాకులే వింటున్నామంటూ, ఇక సెలవు తీసుకోమంటూ అభిమానులు ఓల్డ్ ట్రాఫోర్డ్‌లోనే బ్యానర్ ఎత్తారు. 1990 జనవరి 7న నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌తో కప్పు పోటీలో ఓడితే ఆయన పని ముగిసినట్లేనని పత్రికలు రాశాయి. యువ ఆటగాడు మార్క్ రాబిన్స్ గోల్‌తో జట్టు 1-0తో గెలిచింది. ఆ మే నెలలో కప్పు కూడా చేజిక్కింది.

రాబిన్స్ గోల్ ఒక్కటే ఫెర్గూసన్‌ను కాపాడిందన్నది ప్రచారంలో ఉన్న కథ. ఆ పోటీ ఓడినా ఆయనను తీసివేసే ఉద్దేశం లేదని నాటి చైర్మన్ మార్టిన్ ఎడ్వర్డ్స్ తరువాత స్పష్టం చేశారు. కారణం గమనార్హం. పాయింట్ల పట్టికకు కనిపించనిది క్లబ్బు పెద్దలకు కనిపించింది. ఆయన బాలుర శిక్షణ వ్యవస్థను పునాదుల నుంచి తిరిగి కట్టారు. ఆ పొలంలో వేసిన నారే గిగ్స్, బెక్‌హామ్, స్కోల్స్. 1993లో, ఇరవై ఆరేళ్ల తరువాత, లీగు టైటిల్ దక్కింది. 2013లో విరమించేనాటికి ఆయన ఖాతాలో 13 లీగు టైటిళ్లు, మొత్తం 38 ట్రోఫీలు చేరాయి.

ఓపిక పట్టిన ప్రతిచోటా ఫెర్గూసన్ దొరుకుతారని దీని అర్థం కాదు. నారు ఎదుగుతున్నదా లేదా అని పొలంలోకి దిగి చూడగల యజమాని ఉన్నప్పుడే ఓర్పుకు ఫలితం ఉంటుంది. గట్టు మీద నిలబడి పంట రాలేదని కోపించేవారికి పాలేరును మార్చడం తప్ప మరో మార్గం తోచదు.

హైదరాబాద్ చెప్పిన రెండు పాఠాలు

ఈ ప్రశ్న ఇంగ్లండుకే పరిమితం కాదు. తెలుగు నేల చూసిన ఫుట్‌బాల్‌లోనూ దీనికి రెండు దృష్టాంతాలున్నాయి.

మొదటిది సయ్యద్ అబ్దుల్ రహీమ్‌ది. హైదరాబాద్‌లో ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఆయన భారత జట్టు శిక్షకుడయ్యారు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత్ యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయింది. మన ఆటగాళ్లలో పలువురు చలిలో వట్టి కాళ్లతో ఆడిన రోజులవి. ఆ పరాజయం నుంచి పెద్దలు నేర్చుకొన్నది బూట్లు తప్పనిసరి చేయాలని. రహీమ్ నేర్చుకొన్నది ఆటతీరు మార్చాలని. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలోనే భారత్ నాలుగో స్థానం పొందింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 1-10 ఓటమితోనే ఆయనకు శాశ్వతంగా తలుపులు మూసి ఉంటే ఆ రెండు ఘనతలూ ఆయన చేతుల మీదుగా జరిగేవి కావు.

రెండోది హైదరాబాద్ ఎఫ్.సి. ఉదంతం. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఆ జట్టు ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచింది. రెండేళ్లు తిరిగేసరికి జీతాలు బకాయిపడ్డాయి. విదేశీ ఆటగాళ్లు ఒకరి వెంట ఒకరు వెళ్లిపోయారు. 2023-24లో 22 పోటీలకు ఒక్కటంటే ఒక్కటే గెలిచి అట్టడుగున నిలిచింది. ఎంతటి శిక్షకుడైనా జీతం అందని ఆటగాళ్ల చేత ఏం గెలిపించగలడు? 2025లో ఆ క్లబ్బు కొత్త పేరుతో ఢిల్లీకి తరలిపోయింది. హైదరాబాద్ అభిమానులకు మిగిలింది పాత జెర్సీలే.

మూల్యం చెల్లించేది ఎవరు?

పదవి పోయిన మేనేజర్‌పై మరీ జాలిపడనక్కర లేదు. కోట్లలో పరిహారం ఉంటుంది. మరో క్లబ్బు పిలుస్తుంది. మాంచెస్టర్‌లో అసలు దెబ్బ తగిలింది వేరేవారికి. 2024లో క్లబ్బు దాదాపు 250 ఉద్యోగాలను తొలగించింది. 2025 ఫిబ్రవరిలో మరో 200 దాకా ఉద్యోగాలు పోతాయని ప్రకటించింది. ఉద్యోగులకు ఉచితంగా పెట్టే మధ్యాహ్న భోజనాన్నీ నిలిపివేసింది. పొదుపు పేరుతో ఫెర్గూసన్‌కు ఏటా ఇచ్చే గౌరవ వేతనాన్ని సైతం ఆపాలని నిర్ణయించింది. ఆ నిర్ణయం వెలువడిన అక్టోబరులోనే టెన్ హాగ్‌కు పెద్ద మొత్తం ఇచ్చి పంపించవలసి రావడం గమనార్హం. 2005లో అప్పులు చేసి క్లబ్బును కొని, ఆ అప్పును క్లబ్బు నెత్తినే పెట్టిన గ్లేజర్ కుటుంబం మాత్రం యజమానిగానే కొనసాగింది.

పొడిగింపు ఇచ్చిన సంతకం తప్పు. ఆ తప్పుకు వెల కోటి పౌండ్లు. ఆ లోటును పూడ్చే పొదుపు భోజనశాలలోనూ కార్యాలయాల్లోనూ పనిచేసేవారి వంతు. అత్త మీది కోపం దుత్త మీద చూపడమంటే ఇదే.

మేనేజర్‌కు ఉద్వాసన పలికిన ప్రతిసారీ అభిమానులకు ఒక సమాధానం దొరికినట్లు అనిపిస్తుంది. మేనేజర్‌ను ఎంచుకొన్నది ఎవరు, ఒప్పందం పొడిగించింది ఎవరు, ఆటగాళ్లను కొన్నది ఎవరు, వారికి ఏ శిక్ష పడింది అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు రానంతవరకు ఆ సమాధానం సగమే. ఆ మిగిలిన సగాన్ని అడగడం అభిమానులు నేర్చుకొన్ననాడే, ఓటమికి బాధ్యత కూడా జట్టులాగే పదకొండు మందికీ, వారి వెనుక ఉన్నవారికీ పంచబడుతుంది.