ఆంప్లిఫయర్‌లో చెరువు

మొన్న ఎండాకాలంలో కనిగిరిలో ఇల్లు దులుపుతుంటే అటక మీద నాన్న ఆంప్లిఫయర్ బయటపడింది. పెళ్లిళ్లకూ, శ్రీరామనవమి పందిళ్లకూ ఊళ్లు తిరిగిన పెట్టె. ఆయన పోయాక ఎవరూ ముట్టుకోలేదు. పాతసామాన్ల బండతను చేత్తో ఎత్తి చూసి రెండొందలిస్తానన్నాడు. ట్రాన్స్‌ఫార్మర్‌లో రాగి కోసమని వేరే చెప్పాలా!

మనసొప్పక మెకానిక్ పెద్దాయన్ని పిలిచాను. ప్లగ్గు పెట్టబోతే ఆపేశాడు.

"ఇన్నేళ్లు పడుకున్నదాన్ని ఒక్కసారిగా లేపగూడదు సార్. కండెన్సర్లు పేలతాయి."

వంద వాట్ల బల్బును సీరీస్‌లో కలిపి స్విచ్ వేశాడు. బల్బు భగ్గున వెలిగి మందగించింది. షార్ట్ లేదన్నమాట. కానీ మైకులో మాట లేదు, బాకాలో గుయ్‌మని ఒకటే రొద.

"చెరువు ఎండింది" అన్నాడు.

నిజంగా చెరువే. మన కరెంటు 50 సైకిళ్లది. డయోడ్లు దాటాక సెకనుకు వందసార్లు జల్లులా పడుతుంది. ఆ జల్లును నిలవచేసి సమంగా వదిలేది కండెన్సర్. అందులో అల్యూమినియం రేకుల మధ్య తడికాగితం ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి ఆ తడి ఆరిపోతుంది. వాడకుండా ఉంచినా రేకు మీది పొర బలహీనపడుతుంది. వేడి పది డిగ్రీలు తగ్గితే కండెన్సర్ ఆయుష్షు దాదాపు రెట్టింపంటారు. మా అటక వేడికి అదెన్నాళ్లు బతుకుతుంది?

ప్లగ్గు తీసినా కండెన్సర్‌లో కరెంటు ఉంటుంది. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టకుండా రెసిస్టర్‌తో ఖాళీ చేశాడు. వాల్వుల సెట్టయితే మూడొందల వోల్టులకు పైనే నిలవుంటుందట, ప్రాణాలకే ముప్పు. తెలియనివాళ్లు మూత తీయకపోవడమే మంచిది.

కొత్తవి 105 డిగ్రీల రకం తెచ్చాడు. మైక్రోఫారడ్లు పాతవాటంతే, వోల్టులు అంతకు తగ్గకుండా. మైనస్ గీత చూసి మరీ అతికించాడు. తిరగేస్తే పేలడమే! రెండు కండెన్సర్లకూ కలిపి రెండొందలు కాలేదు.

రొద పోయింది. మైకందుకుని నాన్నలాగే అన్నాను: "హలో... మైక్ టెస్టింగ్... ఒకటి, రెండు, మూడు..."

వంటింట్లోంచి అమ్మ పరుగున వచ్చింది. గుమ్మంలో నన్ను చూసి ఆగిపోయింది.

"నువ్వట్రా..." అని, కొంగుతో ఆంప్లిఫయర్ మీది దుమ్ము తుడిచింది.