పిల్లికి పెట్టిన పేరు



ఈ నెల ఒక చిన్న సంగతి చెప్పదలచాము. చిన్నదే గదా అని పేజీ తిప్పివేయకండి. మా ఇంట ఒక పిల్లికూనకు పేరు పెట్టబోయి, సంఘములోని ఒక పెద్దమ్మ మనసు నొప్పించి, బుద్ధి తెచ్చుకొన్న సంగతి ఇది.

మా కాపురము ఎత్తిపోతల దగ్గర. వానలు బాగా కురిసి చంద్రవంక నిండితే, డెబ్బై అడుగుల ఎత్తు నుండి పడే ఆ నీళ్ళ హోరు గాలి ఇటు తిరిగినప్పుడు మా వసారాలోకి వినవస్తుంది. ఆ వానలకే పొలం గట్లలోని ఎలుకలు ఇండ్లలో చేరుతాయి. పోయిన సంవత్సరము అవి మా కందుల గోతాము కొరికినది చాలక, మందిరములోని కీర్తనల పుస్తకముల అట్టలు కూడా తినివేశాయి. అది చూచి మా సంఘములోని ఒక కుటుంబము వారు బూడిద రంగు పిల్లికూన నొకదానిని గంపలో పెట్టి తెచ్చి ఇచ్చారు.

"దీనికి రోమా పేరు పెడదాం నాన్నా" అన్నాడు మా అబ్బాయి. వాడు ఎనిమిదవ తరగతి. ఆ వారమే బడివారు పిల్లలను నాగార్జునకొండకు తీసుకొని వెళ్ళారు. సాగరు నీళ్ళు కమ్మివేయక మునుపు, 1954 మొదలు 1960 వరకు ఆ లోయలో తవ్వకములు జరిగినప్పుడు తిబెరి కైసరు కాలపు బంగారు నాణెము ఒకటి దొరికినదని పంతులుగారు చెప్పారట. లూకా సువార్త మూడవ అధ్యాయము మొదట ఉన్న తిబెరి కైసరే! "ఆయన డబ్బు మన సాగరు దాకా వచ్చిందా?" అని వాడికి ఒకటే ఆశ్చర్యము.

వచ్చిన మాట నిజమే. మన వినుకొండలో 1889లో రోమా బంగారు నాణెములు దొరికాయి. కృష్ణ అవతల నల్గొండ సీమలోని అక్కెనపల్లిలో వెండి నాణెములు పదిహేను వందలకు పైగా దొరికాయి. మన తీరము నుండి సన్నని నూలు బట్టలు ఓడలెక్కి పోయేవి, అక్కడి నుండి బంగారము, వెండి వచ్చేవి. కాబట్టి పల్నాటి పిల్లికి రోమా పేరు మరీ దూరపు చుట్టరికమేమీ కాదని మేమూ ఒప్పుకొన్నాము.

రాత్రి కుటుంబ ప్రార్థన అయిన తరువాత పేర్ల ఎంపిక మొదలైనది. వాడు మొదట "సీజర్" అన్నాడు. మన పక్క ఊళ్ళలో తోటకు ఒక సీజర్ ఉన్నాడు, అన్నీ కుక్కలే. ఆ సీజరూ మన బైబిలులోని కైసరూ ఒకే మాట అని చెబితే పిల్లలు నమ్మలేదు. లోకమంతటికీ ప్రజాసంఖ్య వ్రాయించిన వాని బిరుదు ఈనాడు మిరప తోట కాపలా కాయుచున్నది! అది పెద్ద పేర్ల గతి.

తరువాత "ఫేలిక్సు" అన్నాడు. పాశ్చాత్య దేశములలో పిల్లులకు ఆ పేరు వాడుకే. లాటిను భాషలో ఫేలిక్సు అంటే అదృష్టవంతుడు. ఆ భాషలోనే పిల్లిని ఫేలిస్ అంటారు. 1758లో లిన్నేయస్ అనే శాస్త్రవేత్త ఇంటి పిల్లికి పెట్టిన శాస్త్రీయ నామము ఆ మాటతోనే మొదలవుతుంది. మాట బాగానే ఉన్నది. అయితే అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయములో పౌలు ద్రవ్యమిచ్చునేమోనని ఆశించి, ఇవ్వకపోతే రెండేండ్లు చెరసాలలోనే విడిచిపోయిన అధిపతి ఫేలిక్సు అని చెప్పాము. "లంచగొండి పేరు వద్దు" అన్నది మా అమ్మాయి.

ఇంతకూ రోమీయులు పిల్లులను పెంచేవారా అని అడిగారు. పెంచేవారు. పిల్లి వారికి ఐగుప్తు వైపు నుండి వచ్చినది. క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిదలో కప్పబడిపోయిన పొంపేయి పట్టణములో, ఒక ఇంటి నేల మీద రంగు రాళ్ళు పొదిగి చేసిన బొమ్మలో పిల్లి ఒక పక్షిని పట్టుకొని ఉన్నది. పెంపుడు జంతువుల మీద వారికి ప్రేమ ఉండేది. మార్గరీత అనే కుక్క చనిపోతే యజమానులు చెక్కించిన సమాధి రాయి నేటికీ లండను మ్యూజియములో ఉన్నది. మార్గరీత అంటే ముత్యము. మన బైబిలులో మాత్రము, అరువది ఆరు గ్రంథములు వెదకినా, ఇంటి పిల్లి ఊసే లేదు.

చివరకు మా అమ్మాయి రోమా పత్రిక పదహారవ అధ్యాయము తెరచినది. అందులో మూడవ వచనము మొదలు పదునైదవ వచనము వరకు పౌలు ఇరువది నలుగురికి పేరుపేరునా వందనములు చెప్పాడు. పేర్లన్నీ చదివి, పలకడానికి తేలికగా ఉన్నదని "యూలియ" అన్నది. మేము నవ్వి సరే అన్నాము. తప్పు అక్కడ జరిగినది.

నాలుగు రోజులు గడిచాయి. ఒక సాయంత్రము పిల్లి పాల గిన్నెలో మూతి పెట్టినది. "యూలియా, ఛీ! సిగ్గులేదా, పో అవతలికి!" అని మా అమ్మాయి గట్టిగా అరచినది. గుమ్మములో ఎవరో ఆగిన అలికిడి అయినది. చూస్తే మా సంఘములోని పెద్దమ్మ. ఆమె పేరు కూడా యూలియమ్మే. కొంగున బొబ్బర్లు కట్టుకొని మాకు ఇవ్వడానికి వచ్చి, ఒక కాలు గడప ఇవతల, ఒక కాలు అవతల పెట్టి అలాగే నిలబడిపోయినది. తననే అన్నారనుకొన్నది.

మేము గబగబా లేచి, పిల్లిని చూపించి, నవ్వుతూ సంగతి చెప్పాము. ఆమె కూడా నవ్వినది. "పర్లేదులేయ్యగారూ, పసిపిల్లలు" అన్నది. కూర్చొని బొబ్బర్లు చేటలో పోసిన తరువాత మెల్లగా చెప్పినది.

"మా నాయనమ్మ పేరు పెంటమ్మ. పిల్లలు దక్కటంలేదని పుట్టంగానే పెంట మీద దొర్లించి ఆ పేరు పెట్టారంట. ఆసాముల ఇళ్ళకాడ ఆ పేరైనా పిలిచేవాళ్ళు కాదు. ఒసే అంటే పలకాల. బాప్తిస్మమప్పుడు అయ్యగారు మంచి పేరు పెట్టినా ఊళ్ళో ఎవురూ పిలవలా. నేను పుట్టినాక ఆమే పట్టుబట్టి నాకీ పేరు పెట్టించింది. నలుగురిలో నన్నీ పేరుతో పిలిపించుకోటానికి మాకు రెండు తరాలు పట్టిందయ్యా. పిల్లి మీద నాకేం కోపం లేదు. తిట్టేటప్పుడు మాత్రం ఆ పేరు పెట్టి తిట్టబాకండి."

చదువరులారా, ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. పిల్లలు తల వంచుకొన్నారు. కాని తప్పు పిల్లలది కాదు, మాది. 1849లో ఫాదర్ హయ్యర్ గురజాల వచ్చి పని మొదలుపెట్టిన నాటి నుండి పల్నాటి పల్లెలలో పౌలు, మార్కు, ప్రిస్కిల్ల, కొర్నేలి అను పేర్లు ఎందరికో వచ్చాయి. ఇవన్నీ రోమా వాడుకలోని పేర్లే. వినేవారికి వింత పేర్లు కావచ్చును. పెంటయ్య, పుల్లయ్య అని, లేదా ఏ పేరూ లేక "ఒరే" అని పిలువబడిన వారికి అవి కొత్త బట్టల వంటివి. మేము ఎన్ని బాప్తిస్మపు పేర్లు రిజిస్టరులో వ్రాశామో! వాటి విలువ మాత్రము మా వసారాలో కూర్చొని ఒక కూలి తల్లి చెబితేనే తెలిసినది.

ఆ రాత్రి మరల పదహారవ అధ్యాయము తెరచి పిల్లలతో చదివాము. రోమాలో ఆడపిల్లకు తనకంటూ వేరే పేరు పెట్టడము తక్కువ. యూలియు వంశములో పుట్టిన ఆడపిల్లలందరూ యూలియలే. అంతేకాదు, ఆ వంశపు బానిసలు విడుదల పొందితే వారికి కూడా యజమాని వంశపు పేరే వచ్చేది. కనుక పౌలు వందనము చెప్పిన యూలియ గొప్పింటి ఆమె కాక, అలా విడుదల పొందిన స్త్రీ గాని, ఆమె సంతతి గాని అయి ఉండవచ్చునని పండితులు అంటారు. అదే అధ్యాయము చివర తెర్తియు, క్వర్తు అని ఇద్దరున్నారు. తెర్తియు అంటే మూడవవాడు, క్వర్తు అంటే నాలుగవవాడు. మనము నడిపోడు, చిన్నోడు అన్నట్లు లెక్క పేర్లు! బానిసలలో ఇటువంటి పేర్లు సామాన్యము. అయినా ఆ పత్రికను పౌలు చెప్పగా వ్రాసినవాడు ఆ మూడవవాడే. 22వ వచనములో తన పేరు తానే వ్రాసి వందనము చెప్పుకొన్నాడు. లెక్కకు పెట్టిన పేరు కూడా గౌరవముగా పలికితే మనిషి పేరవుతుంది. ఎంత మంచి పేరైనా ఛీత్కారముతో పలికితే తిట్టవుతుంది. యూలియమ్మగారు మాకు నేర్పిన పాఠము ఇదే.

పిల్లి పేరు మార్చాలి. అయితే త్వరగా మార్చవలసి వచ్చినది, ఎందుకంటే పిల్లులకు పేరు అలవాటవుతుంది. తమ పేరును మిగతా మాటల నుండి వేరుగా గుర్తుపట్టగలవని 2019లో జపాను దేశపు పరిశోధకులు ప్రకటించారు. పిలిస్తే వస్తుందా రాదా అన్నది దాని ఇష్టమనుకోండి!

ఆదివారము ఆరాధన అయిన తరువాత మా అబ్బాయి నేరుగా ఆమె దగ్గరకు వెళ్ళి, "మామ్మా, పిల్లికి నువ్వే పేరు చెప్పు. రోమా పేరే కావాలి" అన్నాడు. ఆమె కొంచెము సేపు ఆలోచించినది. "ద్రాక్షతోటలో కూలోళ్ళకు రోజుకు ఎంత ఇచ్చారురా?" అని అడిగినది. "దేనారము" అన్నాడు వాడు. "అదే పెట్టు. ఎలకల్ని పట్టి దాని కూలి అది సంపాయించుకుంటది. ఆ పేరు మడుసులకెవురికీ లేదు."

దేనారము రోమా వారి వెండి నాణెము. అక్కెనపల్లిలో దొరికినవి ఆ జాతివే. మత్తయి 20వ అధ్యాయములో దినకూలి అదే. బూడిద రంగు పిల్లికి వెండి నాణెపు పేరు! మేమందరము తల పగులగొట్టుకొన్నా తోచని పేరు, ఎండలో మిరపకాయలు కోసి కూలి తెచ్చుకొనే ఆమెకు తోచినది.

కనుక మీ ఇంటికి పిల్లి గాని, కుక్క గాని, దూడ గాని వస్తే ముచ్చటగా పేరు పెట్టుకోండి. జీవులకు పేరు పెట్టుట ఆదాముకు దేవుడు అప్పగించిన మొదటి పనులలో ఒకటి. రోమా పేరైనా, తెలుగు పేరైనా మంచిదే. పెట్టే ముందు ఒక్క క్షణము ఆగి, ఆ పేరు మీ వీధిలో, మీ సంఘములో, మీ పొలములో పనికి వచ్చే వారిలో ఎవరికైనా ఉన్నదేమో చూచుకోండి. ఉంటే విడిచిపెట్టండి. పిల్లికి వేరే పేరు దొరుకుతుంది.

ఇప్పుడు మా ఇంట కందుల గోతాము క్షేమముగా ఉన్నది. "దేనారం" రాత్రిళ్ళు మందిరము చుట్టూ తిరుగుతున్నది. ఇంతకు ముందు "మామ్మ" అని మాత్రమే పిలిచే మా పిల్లలు ఇప్పుడు వీధి చివర ఆమె కనిపిస్తే చాలు, "యూలియమ్మ మామ్మా, వందనాలు!" అని ఊరంతా వినబడేలా పిలుస్తున్నారు. ఆమె ప్రతిసారీ ఆగి, వెనుదిరిగి, "ఆఁ, వందనాలు నాయనా" అని పలుకుతున్నది.